ముప్పై నాలుగు మగ్గాలు ఇల్లు మారిన ఏడాది

1944 ఫిబ్రవరిలో నన్ను నీటి కాలువల సెక్షను నుంచి బెంగళూరు నగర విస్తరణ సెక్షనుకు ఓవర్సీయరుగా బదిలీ చేశారు. అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. ఓవర్సీయరంటే ఇప్పటివాళ్ళకు తెలియకపోవచ్చు. పని చేయించే మేస్త్రీకి పైన, అసిస్టెంట్ ఇంజనీరుకు కింద ఉండే ఉద్యోగం అది. స్థలం కొలవడం, మట్టాలు తీయడం, పునాదులకు ముగ్గు పోయించడం, జరిగిన పనిని కొలతల పుస్తకంలో ఎక్కించి సంతకం పెట్టడం మా విధి. పైవాళ్ళ సంతకాలన్నీ ఆ సంతకం మీదే నిలబడతాయి.

చిక్కపేట వెనక ఒక సందులో ముప్పై నాలుగు నేతవాళ్ళ ఇళ్ళుండేవి. ఆ సందులో మురుగు కాలువ వేసి దారి వెడల్పు చేయాలని నిర్ణయమైంది. ఆ ఇళ్ళవాళ్ళకు ఊరికి పడమర, రెండు మైళ్ళ దూరంలో, మూడు వరసల్లో కొత్త ఇళ్ళు కట్టివ్వాలి. ఏడాదిలో ఇళ్ళు పూర్తి కావాలి. పూర్తయ్యాక మూడు రోజుల్లో సందు మొత్తం ఖాళీ చేయించాలి. కాగితం మీద పని అంతే. మా అసిస్టెంట్ ఇంజనీరు రంగాచార్ గారు ఫైలు నా చేతికిస్తూ, "మీది పెనుకొండ వైపు కదా, వాళ్ళ తెలుగు మీకు అర్థమవుతుంది," అన్నారు. నా పనితనం చూసి ఎంచుకున్నారనుకుంటున్న నేను కొంచెం చిన్నబుచ్చుకున్నాను.

మరునాడు టేపు, కొలతల ఫారాలు తీసుకొని సందుకు వెళ్ళాను. ఇంటి పొడవు, వెడల్పు, ఉండే మనుషులు, పశువులు, చెట్లు, బావి, ఇలా ఒక్కోదానికి ఒక్కో గడి ఉండేది. మగ్గానికి గడి లేదు. నాకూ ఆ లోటు తోచలేదు. మంచం, బీరువా ఎలాగో మగ్గం కూడా అలాంటి సామానే, బండిలో వేసుకొని తీసుకుపోతారని అనుకున్నాను.

వాళ్ళవి గుంట మగ్గాలు. ఇంటి ముందుగది నేలలో మోకాలు దాటే లోతున గుంట తీస్తారు. నేసే మనిషి గుంట అంచున కూర్చొని కాళ్ళు లోపలికి వదులుతాడు. కాళ్ళతో తొక్కే పలకలు ఆ గుంటలో ఉంటాయి. పడుగు, అంటే నిలువు పోగుల వరస, నేలకు జానెడు ఎత్తున గది అంతా పరుచుకొని ఉంటుంది. పొద్దున మొదలుపెట్టిన మనిషికి సాయంత్రం దాకా కాళ్ళు భూమి లోపలే.

ఆరో ఇంటి దగ్గర ఒకామె నన్ను ఆపింది. యాభై ఏళ్ళుంటాయి. పేరు గంగులమ్మ. భర్త పోయాక ఆమె చేసేది అచ్చు అతికే పని. ఒక పడుగు నేసి అయిపోయాక కొత్త పడుగు పోగులను పాత పోగుల కొనలకు ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకడాన్ని అలా అంటారు. వేల పోగులుంటాయి. అందుకోసం ఆమె ముప్పై నాలుగు ఇళ్ళకూ తిరిగేది. ఏ మగ్గం మీద ఎంత పని మిగిలి ఉందో ఆమెకు తెలిసినంతగా ఆ ఇంటి యజమానికే తెలియదని తర్వాత నాకు అర్థమైంది.

"ఏమప్పా, ఇల్లంతా రాసుకుంటిరి. గుంట రాసుకోలేదే?" అంది.

గుంట ఎవరిది వాళ్ళు తవ్వుకోవచ్చు, స్థలం మీకిస్తున్నాం కదా అన్నాను.

"తవ్వుకుంటాం. తవ్వితే నీళ్ళు రావు కదా ఆడ?"

రావని చెప్పాను. అదే వారం నేను డంపీ లెవెల్ పెట్టి స్థలమంతా మట్టాలు తీశాను. మూడు కాళ్ళ స్టాండు మీద దుర్భిణి లాంటి పరికరం పెట్టి, దూరంగా నిలబెట్టిన కొలబద్ద చదివి, నేల ఎత్తుపల్లాలు లెక్కగట్టే పద్ధతి అది. వాన నీళ్ళు పారిపోవడానికి చాలినంత వాలు ఉందని ఆమెకు వివరించాను. ఓపికగా విన్నది.

"మీరు పైన చూసినారు. మా కాళ్ళు కింద ఉంటాయి కదప్పా," అంది.

పక్కనే నిలబడి ఉన్న వెంకటస్వామప్ప ఆ వీధికి పెద్ద. పెళ్ళి మాటైనా, తగువు తీర్పైనా ఆయన దగ్గరే. అరవై దాటినా ఇంకా నేసేవాడు. ఆయన నెమ్మదిగా చెప్పాడు: "ఆమె చెప్పేది ఒకటే సామీ. ఇప్పుడే ఒక గుంట తీసి పెడతాం. వానలు ఒక తూరి పోనీండి. అప్పుడు మాట్లాడుకుందాం."

ఫిబ్రవరి ఎండలో నిలబడి వానల సంగతి మాట్లాడటం నాకు వింతగా తోచింది. గుంట తీసుకోవడానికి మాత్రం నోటిమాటగా అనుమతి ఇచ్చాను. నమ్మకం కలిగి ఇవ్వలేదు. మాట తెంచుకొని ఏడో ఇంటికి పోవాలని ఇచ్చాను. ఆ సంగతి దాచడం న్యాయం కాదు.

వాళ్ళు ఆ ఆదివారమే నలుగురు వెళ్ళి, కింది వరస మధ్యలో, మగ్గం గుంట ఎంతుండాలో అంత కొలతకు గుంట తీశారు. పైనుంచి వాన పడకుండా తడిక వేసి, తడిక మీద బోదగడ్డి కప్పారు. చుట్టూ మట్టికట్ట వేశారు. ఎవరూ చెప్పకుండానే వాళ్ళు చేసిన ఆ ఏర్పాటు, పుస్తకాల్లో చదువుకున్న పరీక్ష గుంటల పద్ధతికి ఏమాత్రం తీసిపోదు. నేను మాత్రం చదివి వదిలేశాను.

పని మొదలైంది. యుద్ధకాలం కావడంతో సిమెంటు దొరికేది కాదు. ఇనుము సంగతి చెప్పనక్కర్లేదు. రాయి, గారసున్నం, పైన మంగళూరు పెంకు అని నిర్ణయించుకున్నాం. సున్నం బట్టీల దగ్గర వంతు కోసం కాచుకునేసరికి వేసవి వచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట నాలుగైదు వానలు గట్టిగా పడ్డాయి. తడిక ఎత్తి చూశాను. గుంట పొడిగా ఉంది. సందుకు వెళ్ళినప్పుడు గంగులమ్మకు ఆ కబురు చెప్పాను. నా గొంతులో కొంచెం గెలుపు వినిపించే ఉంటుంది.

ఆమె చేతిలో పోగులు వదలకుండానే, "ఇది పైనుంచి పడిన నీళ్ళప్పా. కింద నుంచి వచ్చేది ఇంకా రాలేదు," అంది.

ఆగస్టు చివరికి పై వరస పన్నెండు ఇళ్ళకు గోడలు లేచాయి. మధ్య వరస పదకొండు, కింది వరస పదకొండు ఇళ్ళకు పునాదులు నేల మీదికి అడుగు ఎత్తు వచ్చాయి. సెప్టెంబరులో బెంగళూరుకు అసలు వానలు పట్టుకున్నాయి. రెండు వారాలు విడవలేదు. తెరిపి ఇచ్చిన రోజు పొద్దున్నే మేస్త్రీతో స్థలానికి వెళ్ళి తడిక తీశాను.

గుంటలో మూరెడు లోతు నీళ్ళున్నాయి. వాన నీళ్ళయితే ఎర్రగా ఉండాలి. ఇవి తేటగా ఉన్నాయి. కొలబద్ద దించి చూస్తుండగానే పడమటి గోడ నుంచి సన్నగా ఊరుతున్న నీటి జాడ కనిపించింది. ఆ రోజే మధ్య వరసలో రెండు, పై వరసలో రెండు గుంటలు తవ్వించాను. రెండు రోజుల్లో మధ్య వరస గుంటల్లోనూ నీళ్ళు చేరాయి. పై వరసవి పొడిగా నిలిచాయి. పక్క తోట రైతును అడిగితే, ఆ కింది భాగంలో తన తండ్రి కాలంలో వరి పండేదని, వానాకాలం పోయిన రెండు నెలల దాకా నేల ఊరుతూనే ఉంటుందని చెప్పాడు. ఫిబ్రవరిలో అడిగి ఉంటే ఫిబ్రవరిలోనే చెప్పేవాడు.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. ఈ సంగతి పైకి రాయకపోయినా నన్ను తప్పుపట్టే కాగితం ఏదీ లేదు. ఇంటి నేల భూమికి అడుగు ఎత్తున ఉంటుంది. కాపురానికి ఆ ఇళ్ళు నిక్షేపంలాంటివి. మగ్గం గుంట ప్లానులో లేదు, అంచనాలో లేదు, ఫారంలో లేదు. ఇళ్ళు అప్పగించాక వాళ్ళు గుంట తవ్వుకుంటే, నీళ్ళు వస్తే, అది వాళ్ళ గుంట. రాస్తే మాత్రం ఇరవై రెండు ఇళ్ళ పని ఆగుతుంది. ఎవరి మట్టాల మీద ఆ పునాదులు లేచాయన్న ప్రశ్న వస్తుంది. రెండు రోజులు ఈ ఆలోచనతో ఆఫీసుకు వెళ్ళి వచ్చాను.

మూడో రోజు సందుకు వెళ్ళి గంగులమ్మను ఒక్కటే అడిగాను, గుంటలో కొంచెం చెమ్మ ఉంటే నేయలేరా అని. ఆమెకు నా ముఖం చూడగానే అర్థమైనట్టుంది.

"చెమ్మ నూలుకు మంచిదేప్పా. పోగు తెగదు. నీళ్ళుంటే మాత్రం మనిషికి చెడ్డ. మా ఆయన తమ్ముడు వేరే ఊర్లో అట్లాంటి గుంటలో ఐదేండ్లు నేసినాడు. కాళ్ళు వాచి, పుండ్లు పడి, ఇప్పుడు గడప దిగలేకుండా ఉండాడు. ఆయన పిలకాయలు కూలికి పోతా ఉండారు." నా వైపు తిరిగి, "వచ్చినాయా నీళ్ళు?" అంది.

వచ్చాయన్నాను. తల ఊపింది. నేను చెప్పలేదా అని అనలేదు. నేను ఆమెకు రుణపడ్డ వాటిలో అదీ ఒకటి.

ఆ మధ్యాహ్నమే నివేదిక రాశాను. స్థలం ఎంపికలో పరీక్ష గుంటలు తీయకపోవడం నా పొరపాటని మొదటి పేరాలోనే పెట్టాను. రంగాచార్ గారు ఆ రోజే చదివారు. మర్నాడు పొద్దున స్థలానికి వచ్చారు. బూట్లు, మేజోళ్ళు తీసి పక్కన పెట్టి, పంట్లాం మోకాళ్ళ దాకా మడిచి, తానే గుంటలోకి దిగారు. అంచున కూర్చొని నేసేవాడిలా కాళ్ళు కదిపి చూశారు. యాభై ఐదేళ్ళ మనిషి. మేమంతా చుట్టూ నిలబడి ఉన్నాం.

"ఈ గుంట ఎవరు తవ్వించారు?" అని అడిగారు. చెప్పాను. ఆమెను పిలిపించమన్నారు.

ఆయన కన్నడంలో అడిగారు, ఆమె తెలుగులో చెప్పింది. ఇద్దరికీ ఏ ఇబ్బందీ రాలేదు. గుంట అడుగు పొడిగా ఉండాలి, గదిలోకి పొద్దుటి వెలుతురు పక్కనుంచి రావాలి, నూలు పడుగుకు గంజి పెట్టి ఆరబెట్టడానికి వీధి తిన్నగా ఉండాలి, వీధి మధ్య దీపస్తంభం పాతకూడదు, ఇంతే ఆమె కోరింది. ఆయన ప్రతిదీ రాసుకున్నారు. తర్వాత నా వైపు తిరిగి, "భూమి లోపల గుంట తీయలేం కాబట్టి, ఇంటి నేలనే గుంటంత ఎత్తు లేపుదాం," అన్నారు.

అంటే రెండు వరసల్లో పునాది గోడలను ఇంకో రెండడుగులు పెంచి, లోపల మట్టి నింపి గట్టిపరచాలి. అప్పుడు మగ్గం గుంట అడుగు భూమి మట్టానికి కొంచెం పైనే ఉంటుంది. గుంట లోపల రాయి, సున్నంతో కట్టాలి. ఉపాయం బాగానే ఉంది. ఇరవై రెండు ఇళ్ళు నింపడానికి మట్టి ఎక్కడిది? లారీలు యుద్ధం పనుల మీద ఉన్నాయి. చుట్టుపక్కల తవ్వితే మళ్ళీ పల్లమే అవుతుంది.

మట్టి చిక్కపేట వెనక సందులో ఉంది. ఆ పాత ఇళ్ళ గోడలన్నీ మట్టీ రాయీ కలిపి కట్టినవే. కూల్చాక ఎలాగూ ఊరి బయట పారబోయాల్సిన మట్టి. చిక్కేమిటంటే, మనుషులు కొత్త ఇంటికి పోతే గాని పాత ఇల్లు కూల్చలేం. పాత ఇల్లు కూలిస్తే గాని కొత్త ఇల్లు నిండదు. రంగాచార్ గారు, నేను ఒక పూటంతా కూర్చొని దారి కనిపెట్టాం. పై వరస పన్నెండు ఇళ్ళు ముందు పూర్తి చేయాలి. పన్నెండు కుటుంబాలు వెళ్ళాక వాళ్ళ పాత ఇళ్ళ మట్టితో మధ్య వరస నింపాలి. మధ్య వరసకు వెళ్ళినవాళ్ళ ఇళ్ళ మట్టితో కింది వరస. మూడు రోజుల తరలింపు కాస్తా అయిదు నెలల తరలింపయింది. పైనుంచి సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. రంగాచార్ గారు నా పొరపాటును తన పర్యవేక్షణ లోపంగా రాసి జవాబు పంపారు. ఆ సంగతి నాకు చెప్పలేదు. ఫైలులో నకలు చూసి తెలుసుకున్నాను.

ఇక ముందు ఎవరు వెళ్ళాలన్నది తేలాలి. నేను సందు చివరి నుంచి వరసగా పన్నెండు ఇళ్ళని రాసుకున్నాను. ఇళ్ళ మధ్య గోడలు ఉమ్మడివి కాబట్టి ఒక చివర నుంచి కూల్చుకుంటూ రావడం సులువు. గంగులమ్మ ఆ జాబితా విని ఒప్పుకోలేదు. పడుగు మగ్గం మీద సగంలో ఉండగా మగ్గం విప్పలేరు. కోసి తీస్తే మిగిలిన నూలు పాడవుతుంది. యుద్ధం వల్ల నూలు పర్మిట్ మీద వచ్చే రోజులు. పోయిన నూలు మళ్ళీ దొరకదు. అందుకని అరుగు మీద కూర్చొని ఆమె చెప్తూ పోయింది, నేను రాసుకున్నాను. ఎవరి పడుగు ఎన్ని రోజుల్లో అయిపోతుంది, ఎవరింట్లో పురుడు రాబోతోంది, ఎవరు పెళ్ళి చీరల పని ఒప్పుకున్నారు, అన్నీ. ఒక్క ఇంటికీ తడుముకోలేదు. నా వరస, ఆమె వరస కలిపి చూస్తే పది ఇళ్ళు కుదిరాయి. మిగిలిన రెండిళ్ళలో పడుగులు ఇంకా పొడుగ్గా ఉన్నాయి కాబట్టి, బదులు వేరే రెండిళ్ళు తీసుకొని వాటిని ఉంచేశాం. వాటి ఉమ్మడి గోడలు నిలబెట్టి, అటూ ఇటూ కూల్చే ఏర్పాటు చేశాం. గోడలకు మొద్దులు ఊతం పెట్టించాను.

జాబితా బయటికి రాగానే వీధిలో గొడవ మొదలైంది. పై వరసలో నేల సహజంగానే పొడి. కింది వరస ఎంత ఎత్తు లేపినా అది నీళ్ళ మీద ఇల్లేనని అందరికీ భయం. ఎవరికి వాళ్ళు పై వరసే కావాలన్నారు. ఒకాయన తన పడుగును కోసి పారేసైనా ముందు పోతానన్నాడు. ఒకరోజు మాటలు ముదిరి, ఇద్దరన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా లేచిపోయారు. నాకు సర్దిచెప్పడం చేతకాలేదు. ఆఫీసు ముద్ర ఉన్న కాగితం చూపించడం ఒక్కటే నాకు తెలిసిన ఉపాయం, అది అక్కడ పనిచేయలేదు.

వెంకటస్వామప్ప మూడు రోజులు ఊరుకున్నాడు. నాలుగో రోజు వీధి వాళ్ళందరినీ పిలిచి, నన్నూ కూర్చోబెట్టి అన్నాడు: "కింది వరసలో అన్నిటికన్న పల్లంలో ఉండే ఇల్లు ఏది సామీ?"

ముప్పై నాలుగో నంబరని చెప్పాను.

"అది నాకు రాసుకోండి. నేను కడాకు పోతాను. ఆడ నా కాళ్ళు తడిస్తే మీరెవరూ రావద్దండి."

ఆయన భార్య లోపలి నుంచి బయటికి వచ్చి ఆయన ముఖం చూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత జాబితా మీద పేచీ రాలేదు.

1945 జనవరిలో మొదటి బండ్లు కదిలాయి. మనిషి కన్నా ముందు మగ్గం పోవాలన్నది గంగులమ్మ పెట్టిన కట్టుబాటు. తరలడానికి వారం ముందే ఆ ఇంటి ఆడవాళ్ళు కొత్త ఇంటికి వెళ్ళి గుంట అంచులకు మట్టి మెత్తి, పేడతో అలికి ఆరనిచ్చేవాళ్ళు. పాత ఇంట్లో పడుగు అయిపోయిన రోజే మగ్గం విప్పి, ఏ కొయ్య పక్కన ఏ కొయ్య రావాలో బొగ్గుతో గుర్తులు పెట్టి కట్టేవాళ్ళు. మర్నాడు కొత్త ఇంట్లో మగ్గం నిలబెట్టేవాళ్ళు. ఆ వెనకే గంగులమ్మ వెళ్ళి అచ్చు అతకడానికి కూర్చునేది. ఆమె లేచేసరికి మిగతా సామాను, పొయ్యి రాళ్ళతో సహా చేరేది. ఏ మగ్గమూ వారం దాటి ఆగలేదు. ఖాళీ అయిన ఇంటి మట్టిని అవే బండ్లు మళ్ళీ వెళ్ళి మోసుకొచ్చేవి. అరడుగు మందాన పోసి, నీళ్ళు చల్లి, దిమ్మిసలతో కొట్టించి, ఆ పైన మళ్ళీ అరడుగు. అదంతా నేను దగ్గరుండి చేయించాను. ఈసారి నా సంతకానికి ముందు నా కాళ్ళతో తొక్కి చూసుకున్నాను.

వెంకటస్వామప్ప జూన్ మొదటి వారంలో, అన్నట్టుగానే అందరికన్నా చివర తరలాడు. ఆ ఏడు సెప్టెంబరు వానల్లో రంగాచార్ గారు, నేను కింది వరసకు వెళ్ళాం. ఇంటి చుట్టూ నేల కాలు పెడితే దిగబడుతోంది. లోపల వెంకటస్వామప్ప నేస్తూ ఉన్నాడు. మమ్మల్ని చూసి మగ్గం ఆపి, గుంటలోంచి కాళ్ళు పైకి తీసి, నేల మీద చాపి చూపించాడు. పొడిగా ఉన్నాయి. ఒక మూల రాళ్ళ సందులో కొంచెం చెమ్మ ఉందని ఆయనే చెప్పాడు. మర్నాడు దర్జులు, అంటే రాళ్ళ సందుల్లో సున్నం పూత, మళ్ళీ తీయించాను, అది కూడా పోయింది. రంగాచార్ గారు ఆ ఇంట మజ్జిగ తాగారు. బయటికి వచ్చాక, ఫారంలో వృత్తికి కావలసిన చోటు అని ఒక గడి పెంచమని పైకి రాస్తున్నానని చెప్పారు. రాశారు కూడా. మంజూరు కావడానికి మూడేళ్ళు పట్టింది.

ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళు ఉద్యోగం చేశాను. కుమ్మరి వీధినీ, చాకలి వీధినీ, రెండు చిన్న ఊళ్ళనూ ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చే పనులు నా చేతి మీదుగా జరిగాయి. ప్రతిసారీ ఒక గుంట తవ్వించి, ఒక వానాకాలం గడిచే దాకా స్థలానికి సంతకం పెట్టలేదు. జాప్యం చేశానని రెండుసార్లు మాట పడ్డాను. అందులో ఒకసారి నేల పూర్తిగా పొడిగా తేలింది, నేను ఆపింది వృథా అయింది. అయినా పద్ధతి మార్చుకోలేదు. ఇల్లు మారేవాళ్ళ దగ్గర ఎంత సామాను ఉందని అడగడం తర్వాత, కొత్త చోట మొదటి రోజు ఏ పని చేస్తారని అడగడం ముందు. ఆ పనికి ఏం కావాలో ఆఫీసు కన్నా చేసేవాళ్ళకే బాగా తెలుసు. అడిగితే చెప్తారు. కొందరు అడగకపోయినా చెప్తారు. నాకు అలాంటివాళ్ళు ఉద్యోగం మొదట్లోనే దొరకడం అదృష్టం. తప్పు ఒప్పుకున్నవాడిని కాపాడే పై అధికారి దొరకడం ఇంకా పెద్ద అదృష్టం. రాయాలా వద్దా అని తేల్చుకోలేని ఆ రెండు రోజుల తర్వాత కూడా నేను నోరు మెదపకుండా ఉండి ఉంటే, నా మీద ఏ ఫైలులోనూ ఏ తప్పూ పడేది కాదు. ఇరవై రెండు ఇళ్ళలో మనుషులు నీళ్ళలో కాళ్ళు పెట్టుకొని చీరలు నేసేవాళ్ళు.